‘ఒప్పుకుంటారా?’ అని అడిగే ముందు

సింగపూరులో ఉన్న తెలుగువాళ్ళు తమ ఇంటికొచ్చిన చుట్టాలకి తప్పకుండా చూపించే దీవి సెంతోసా. దానికి పడమటగా, ఎవరికీ చూపించలేని దీవి మరొకటి ఉంది. దాని పేరు జురాంగ్ ఐలాండ్. 2001 అక్టోబరు నుంచి అది రక్షిత ప్రదేశం కనక పాస్ లేనిదే వంతెన దాటనివ్వరు. ఒకప్పుడు అక్కడ ఏడు చిన్న దీవులుండేవి. 1995లో మొదలుపెట్టి మధ్యనున్న సముద్రాన్ని పూడ్చుకుంటూ వచ్చారు. 2000 అక్టోబరు 14న అప్పటి ప్రధాని గో చోక్ టోంగ్ ప్రారంభోత్సవం చేశారు. 2009 నాటికి పూడ్చే పని ముగిసి, ముప్ఫై చదరపు కిలోమీటర్లకు పైబడిన ఒకే దీవి తయారైంది. చమురు శుద్ధి చేసేవి, ప్లాస్టిక్కులకు ముడిసరుకు తయారు చేసేవి, రసాయనాలు నిల్వ చేసేవి అన్నీ కలిపి వందకు పైగా కంపెనీలున్నాయి.

ఆ వంతెన మీదుగా రోజూ తెల్లవారుజామున వెళ్ళే బస్సుల్లో మనవాళ్ళు చాలామందే ఉంటారు. శ్రీకాకుళం, గోదావరి జిల్లాలు, కరీంనగర్, నిజామాబాద్ నుంచి వచ్చిన వెల్డర్లు, పైపు ఫిట్టర్లు, స్కాఫోల్డింగ్ కట్టేవాళ్ళు. వాళ్ళతోబాటు నాలాంటి ఇంజనీర్లు కూడా. నేను ఇంజనీరింగు చదివి ఇరవై ఏళ్ళకు పైగా సాఫ్ట్‌వేరు రాస్తున్నాను. ఈ మధ్య కొన్నేళ్ళుగా నా పని ప్లాంటుల్లో వాడే ‘పర్మిట్ టు వర్క్’ యాప్‌లతో. అంటే, ఏ ట్యాంకులోకి దిగాలన్నా, ఏ పైపు దగ్గర నిప్పు రాజెయ్యాలన్నా ముందుగా తీసుకోవలసిన అనుమతి కాగితం. ఒకప్పుడు అది నిజంగానే కాగితం. ఇప్పుడు చాలాచోట్ల అది ట్యాబ్లెట్ తెర మీదకొచ్చింది.

ఈ వ్యాసం ఆ యాప్ గురించి కాదు. ఆ యాప్ వాడటానికి తేలికగా ఉందో లేదో తెలుసుకోవడానికి అడిగే పది ప్రశ్నల గురించి. పది ప్రశ్నల్ని ఇంగ్లీషులోంచి ఇంకో భాషలోకి మార్చడం ఎంత పని, ఒక మధ్యాహ్నం కూర్చుంటే అయిపోదా అనిపించవచ్చు. ఎందుకు అవదో, దాన్ని సరిగ్గా చెయ్యకపోతే ఎవరికి నష్టమో చెప్పాలన్నదే నా ప్రయత్నం.

పది ప్రశ్నల పుట్టుక

ఒక వస్తువు బరువెంతో తూచి చెప్పవచ్చు. ఒక యాప్ వాడటానికి ఎంత సుఖంగా ఉందో తూచడం ఎలా? 1986లో ఇంగ్లండులో, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తున్న జాన్ బ్రూక్‌కి ఈ అవసరం వచ్చింది. ఆయన యాభై వాక్యాలు పోగుచేసి, ఒకటి చాలా తేలికైనదీ ఒకటి కష్టమైనదీ రెండు సాఫ్ట్‌వేర్లు తీసుకుని, ఇరవైమంది చేత వాటికి మార్కులు వేయించాడు. ఆ రెంటికీ తేడాని గట్టిగా పట్టించిన వాక్యాలు పది ఏరుకున్నాడు. దాని పేరు ‘సిస్టమ్ యూజబిలిటీ స్కేల్’, పొట్టిగా ‘సస్’. 1996లో దాన్ని ఒక పుస్తకంలో అచ్చువేసినప్పుడు, ఇదేదో హడావుడిగా చేసుకున్న మోటు కొలబద్ద అని ఆయనే శీర్షికలో చెప్పుకున్నాడు. ఆ మోటు కొలబద్దే ఇవాళ ప్రపంచమంతటా వాడకంలో ఉంది. డబ్బు కట్టక్కర్లేదు, రెండు నిమిషాల్లో అయిపోతుంది.

పనిచేసే తీరు ఇది. పది వాక్యాలుంటాయి. ప్రతిదానికీ ఒకటి నుంచి ఐదు దాకా అంకె వెయ్యాలి. ఒకటంటే బొత్తిగా కాదని, ఐదంటే ముమ్మాటికీ అవునని. బేసి సంఖ్య వాక్యాలు యాప్‌ని మెచ్చుకుంటాయి, సరిసంఖ్య వాక్యాలు తిడతాయి. లెక్క కట్టేటప్పుడు మెచ్చుకునే వాక్యాల్లో వేసిన అంకెలోంచి ఒకటి తీసెయ్యాలి. తిట్టే వాక్యాల్లో ఐదులోంచి వేసిన అంకె తీసెయ్యాలి. అన్నీ కూడి రెండున్నరతో గుణిస్తే సున్నా నుంచి నూరు లోపు ఒక స్కోరు వస్తుంది. ఉదాహరణకి, మెచ్చుకోళ్ళన్నిటికీ నాలుగు, తిట్లన్నిటికీ రెండు వేసిన మనిషి స్కోరు డెబ్బై ఐదు. ఇది శాతం కాదు, పరీక్ష మార్కూ కాదు. ప్రపంచం మీద వందల అధ్యయనాలు కలిపి చూస్తే సగటు 68 దగ్గర తేలింది. కనక దానికి పైనుంటే ‘ఫరవాలేదు’ అనుకుంటారు.

ఈ ‘ఫరవాలేదు’ అన్న మాట మీద కంపెనీలు నిర్ణయాలు తీసుకుంటాయి. యాప్‌ని ఇలాగే ఉంచాలా, మార్చాలా, శిక్షణ ఇంకో పూట పెంచాలా అన్నవన్నీ ఆ అంకె వెనక వస్తాయి. అందుకే ఆ అంకె ఎలా పుట్టిందో చూడాలి.

ఒక్క మాట దగ్గర ఆగిపోయిన వేళ్ళు

సస్‌లో ఎనిమిదో వాక్యంలో ‘కంబర్‌సమ్’ అన్న మాట ఉండేది. ఇంగ్లీషు మీడియంలో చదువుకున్న మనలో కూడా ఆ మాటకి అర్థం ఠకీమని చెప్పగలిగేవాళ్ళు తక్కువే. 2006లో ఇంటెల్‌లో పనిచేస్తున్న క్రెయిగ్ ఫిన్‌స్టాడ్ ఈ సంగతి బయటపెట్టాడు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు ఆ వాక్యం దగ్గరకు రాగానే ఆగిపోతున్నారని, ఆ మాట బదులు ‘ఆక్‌వర్డ్’ అని వాడమని రాశాడు. 2008లో బాంగర్, కోర్టమ్, మిల్లర్ అనే ముగ్గురు తమ దగ్గర పోగైన రెండువేల మూడువందలకు పైగా జవాబు పత్రాలను విశ్లేషిస్తూ అదే మార్పుని పాటించారు.

ఇరవై ఏళ్ళు నలిగిన ప్రశ్నపత్రంలో ఒక మాట అర్థం కావడంలేదని తెలియడానికి ఇరవై ఏళ్ళు పట్టిందన్నమాట. కారణం ఏమిటంటే, అర్థం కానివాడు ఫారం ఖాళీగా వదిలెయ్యడు. మధ్యలో ఉన్న మూడు మీద గుండ్రం చుట్టి ముందుకు పోతాడు. లెక్కకట్టేవాడికి ఆ మూడు ‘తటస్థ అభిప్రాయం’గా కనిపిస్తుంది. తెలియనితనం అభిప్రాయంగా వేషం మార్చుకుని లెక్కలోకి ఎక్కుతుంది.

అరబ్బీవాళ్ళు ఏం చేశారు?

ఇంగ్లీషు రానివాళ్ళకి ఇంగ్లీషు ప్రశ్న ఇవ్వకూడదు, వాళ్ళ భాషలోనే ఇవ్వాలి. ఇందులో వాదన లేదు. కానీ ఎలా? ఈ ప్రశ్నకి జవాబు వెదుకుతూ నేను అరబ్బీ దగ్గర ఆగాను. మా దీవికొచ్చే ముడిచమురులో చాలాభాగం ఆ అరబ్బీ నేలల నుంచే వస్తుంది. కడప నుంచి కువైట్‌కి, నిజామాబాద్ నుంచి దుబాయికి వెళ్ళిన మనవాళ్ళు రోజూ చూసే తెరల మీద అరబ్బీయే ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, వాళ్ళ భాషకున్న చిక్కులు మన చిక్కులకి దగ్గరి చుట్టాలు.

మొదటిది, రాసే భాష వేరు, మాట్లాడే భాష వేరు. పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో ఉండే అరబ్బీని ‘ఫుస్‌హా’ అంటారు. కైరోలో కూరగాయలమ్మేవాడు మాట్లాడేది, కువైట్‌లో డ్రైవరు మాట్లాడేది వేరు వేరు. ఫుస్‌హాలో రాస్తే అన్ని దేశాల్లోనూ చెల్లుతుంది కానీ బడివాసన కొడుతుంది. వాడుకభాషలో రాస్తే ఒక ఊళ్ళో హాయిగా ఉంటుంది, పక్క దేశంలో నవ్వుతారు.

రెండోది, లింగభేదం. అరబ్బీలో ‘నేను’ అన్నప్పుడు క్రియకి ఆడా మగా తేడా లేదు. విశేషణానికి ఉంది. సస్‌లో తొమ్మిదో వాక్యం, వాడేటప్పుడు నాకు నమ్మకంగా ఉంది అనేది. మగవాడైతే ‘వాథిఖ్’ అనాలి, ఆడమనిషైతే ‘వాథిఖా’ అనాలి. ఒక్క రూపమే అచ్చువేస్తే సగంమంది తమది కాని నోటితో జవాబు చెప్పాలి. లేకపోతే వాక్యాన్నే తిప్పి రాయాలి.

మూడోది, దిశ. అరబ్బీ కుడి నుంచి ఎడమకి చదువుతారు. మరి ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు ఎటునుంచి ఎటు పేర్చాలి? అక్షరాలు కుడి నుంచి వస్తూ, అంకెల వరస మాత్రం ఎడమ నుంచి మొదలైతే, మెచ్చుకోవాలనుకున్నవాడి వేలు తిట్టు మీద పడుతుంది.

నాలుగోది మన తెలుగువాళ్ళకి మరీ ముచ్చటైనది. ‘సిస్టమ్’ అన్న మాటకి అరబ్బీలో ఏమంటారో తెలుసా? ‘నిజాం’. అవును, మన హైదరాబాదు నిజామే. చక్కగా అమర్చిన ఏర్పాటు అని దాని అర్థం. రాజ్య వ్యవహారాలు చక్కబెట్టేవాడు కనక ‘నిజాం ఉల్ ముల్క్’ అన్న బిరుదు. అదే మాటకి అరబ్బీలో ‘ప్రభుత్వం, పాలన’ అన్న అర్థం కూడా ఉంది. 2011లో అరబ్బు దేశాల వీధుల్లో జనం ‘నిజాం పడిపోవాలి’ అని నినాదాలిచ్చినప్పుడు వాళ్ళు సాఫ్ట్‌వేరు గురించి మాట్లాడలేదు. అలాంటి చోట ‘ఈ నిజాం మీకు చిక్కుగా అనిపించిందా?’ అని అడిగితే, అడిగినవాడి వంక అనుమానంగా చూడరూ?

ఈ చిక్కులన్నిటి మధ్యా అరబ్బీ సస్ తయారైంది. మాట్లాడటంలో ఇబ్బందులున్నవారికి సంబంధించిన ఒక యాప్ మీద దాన్ని పరీక్షించి, 2018లో పరిశోధనా పత్రంగా ప్రచురించారు. అనువాదం చేసి ఊరుకోకుండా పరీక్షించారన్నది ఇక్కడ గమనించవలసిన సంగతి.

అనువాదం సరే, రుజువు ఏదీ?

ఇలాంటి పనికి ఒక పద్ధతి స్థిరపడి ఉంది. మొదట ఇద్దరు, ఒకరితో ఒకరు సంప్రదించకుండా, విడివిడిగా అనువదిస్తారు. తేడాలు వచ్చినచోట కూర్చుని రాజీ పడతారు. తర్వాత అసలు ఇంగ్లీషు మూలం చూడని మూడో మనిషికిచ్చి, మళ్ళీ ఇంగ్లీషులోకి తిప్పమంటారు. ఈ తిరుగు అనువాదం పద్ధతికి 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ రాసిన వ్యాసం ఇప్పటికీ దారిదీపం. తిరిగి వచ్చిన ఇంగ్లీషు అసలుతో సరిపోతే మంచిదే. కానీ సరిపోయిందని సంబరపడిపోకూడదు. మక్కికి మక్కి అనువాదం ఎప్పుడూ మక్కికి మక్కీగానే తిరిగి వస్తుంది! మధ్యలో ఉన్న తెలుగు ఎవరికీ అర్థం కాకపోయినా సరే.

అందుకే మూడో మెట్టు ఉంది. వాడబోయే మనుషుల్ని పదిమందిని కూర్చోబెట్టి, ఒక్కో వాక్యం చదివించి, ‘దీనికి మీకేమర్థమైంది? మీ మాటల్లో చెప్పండి’ అని అడగాలి. అన్నిటిలోకీ చవకైనదీ, అందరూ ఎగరగొట్టేదీ ఈ మెట్టే.

ఆ తర్వాత లెక్కలు. కనీసం వందమంది దాకా చేత ఫారం నింపించి, పది వాక్యాలూ ఒకదానితో ఒకటి పొత్తు కుదురుతున్నాయో లేదో చూస్తారు. 1951లో లీ క్రాన్‌బాక్ చెప్పిన ‘ఆల్ఫా’ అనే కొలత దీనికి వాడతారు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. ఎందుకు చాలు? ఒకే గిన్నెలో ఒకే మంట మీద ఉడికిన మెతుకులన్నీ ఒకేలా ఉంటాయన్న నమ్మకం. ఆల్ఫా ఆ నమ్మకానికి కొలత. పది మెతుకులూ ఒకే మాట చెబితే ఆల్ఫా ఒకటికి దగ్గరగా ఉంటుంది. తలో మాట చెబితే సున్నా వైపు జారుతుంది. మామూలుగా 0.7 దాటితే పనికొస్తుందంటారు. ఇంగ్లీషు సస్‌కి బాంగర్ బృందం లెక్కలో 0.91 వచ్చింది. అనువాదంలో ఒక్క వాక్యం మాత్రం తక్కిన తొమ్మిదింటితో కలవకపోతే, అది మెతుకు కాదు, అన్నంలో రాయి. దాన్ని ఏరెయ్యాలి.

ఆల్ఫా బాగుంటే పని అయిపోయినట్టేనా? కాదు. ఎప్పుడు తూచినా వంద గ్రాములు ఎక్కువ చూపించే తక్కెడ కూడా మాట తప్పని తక్కెడే. నమ్మకంగా ఒకే అబద్ధం చెబుతుంది. కనక నాలుగో ప్రశ్న, ఇది నిజంగా తేలికనే కొలుస్తోందా? దీనికి, ఎవరి సాయమూ లేకుండా యాప్‌లో పని ముగించినవాళ్ళ స్కోరు, మధ్యలో చేతులెత్తేసినవాళ్ళ స్కోరుకన్నా ఎక్కువగా వస్తోందో లేదో చూడాలి. రాకపోతే ఆ ప్రశ్నపత్రం ఇంకేదో కొలుస్తోందని అర్థం.

ఇక మన తెలుగు సంగతి

సింగపూరు అధికార భాషలు నాలుగు: ఇంగ్లీషు, మలయ్, చైనీసు, తమిళం. బడుల్లో తమిళం కాక హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూలను మాతృభాషగా తీసుకునే వీలుంది, తెలుగుకి లేదు. అందుచేత కార్మికుల కోసం ఒక కంపెనీ ఏదైనా తర్జుమా చేయించేటప్పుడు తెలుగు వంతు వెనకపడితే ఆశ్చర్యం లేదు. ‘ఇండియన్సే కదా, తమిళం ఇవ్వండి’ అన్న మాట నేను ఒకటి రెండు చోట్ల విన్నాను. ఇచ్చినవాళ్ళకి చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు.

ఈ పది వాక్యాల్ని తెలుగు చేసి, సెలవురోజుల్లో తెలిసిన కుర్రాళ్ళకి చదివి వినిపించడం నా ఆదివారాల సరదా అయింది. అది శాస్త్రీయమైన అధ్యయనం కాదు, ఇందాక చెప్పిన మూడో మెట్టు మాత్రమే. కానీ ఆ మెట్టు మీద కూర్చుంటే కనిపించే దృశ్యం ఎంత వింతగా ఉంటుందో చెబుతాను.

‘సిస్టమ్’కి నిఘంటువు చూస్తే ‘వ్యవస్థ’. ‘ఈ వ్యవస్థ అనవసరంగా సంక్లిష్టంగా ఉంది’ అన్న వాక్యం వినగానే నిజామాబాద్ కుర్రాడు ‘గవర్నమెంటు గురించా అన్నా?’ అన్నాడు. చూశారా, అరబ్బీవాడి నిజాం మన నిజామాబాద్‌లో మళ్ళీ ఎదురైంది! ‘యాప్’ అంటే అందరికీ తెలుసు. అదే రాయాలి.

‘ఫంక్షన్లు’ అన్న మాట ఐదో వాక్యంలో వస్తుంది. అందులోని పనులన్నీ చక్కగా కలిసిపోయాయని దాని సారాంశం. తెలుగువాడికి ఫంక్షన్ అంటే పెళ్ళి, బారసాల, ఓణీల వేడుక. ‘ఇందులో ఫంక్షన్లు బాగా జరిగాయి’ అన్నట్టు తోస్తుంది. ‘సమైక్యం’ అని రాద్దామంటే, 2013లో తెలుగునేల మీద ఆ మాట మోసిన బరువు తెలిసినవాళ్ళెవరూ దాన్ని ప్రశ్నపత్రంలో పెట్టరు. చివరికి ‘ఇందులో పనులన్నీ ఒకదానికొకటి అతికినట్టున్నాయి’ అంటే తల ఊపారు.

‘నమ్మకంగా’ అన్నదానికి నేను విన్న మొదటి సూచన ‘ధైర్యంగా’. వినడానికి బాగుంది. కానీ ప్లాంటులో ధైర్యం అంటే తెగింపు. మాకు కావలసింది ధైర్యవంతులు కాదు, తాము చేస్తున్నది సరైనదేనని తెలిసినవాళ్ళు. ‘ధీమాగా’ అన్న మాట దగ్గర అందరూ కుదురుకున్నారు.

‘తేలిక’ కోస్తావాళ్ళ మాట. తెలంగాణవాళ్ళు ‘అల్కగ’ అంటారు. మొత్తం మీద ‘ఈజీ’ అంటే మూడు ప్రాంతాలవాళ్ళకీ ఒకేలా అందింది. అది తెలుగేనా అని కొందరు పెద్దలు నొచ్చుకోవచ్చు. శ్రీకాకుళం నేల మీద పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు జనం నోట్లో ఉన్న మాటే భాష అని జీవితమంతా వాదించారు. ఈ ప్రశ్నపత్రం ఆయన చేతికిస్తే గ్రాంథికం చెయ్యరని నా నమ్మకం.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ నేను ఊహించని చోట తగిలింది. వాక్యాల్లో కాదు, జవాబుల పట్టీలో. ఇంగ్లీషు ‘అగ్రీ’కి తెలుగులో ఏమంటాం? ‘ఏకీభవిస్తాను’ అంటే అది శాసనసభ భాష. ‘ఒప్పుకుంటాను’ అని రాశాం. టెక్కలి నుంచి వచ్చిన వెల్డరు ఆ మాట చదివి, పెన్ను కింద పెట్టి, ‘ఒప్పుకోడానికి నేనేటి తప్పు చేశాను బాబూ?’ అన్నాడు.

నిజమే కదా! తెలుగులో ఒప్పుకోవడమంటే నేరం ఒప్పుకోవడం, అప్పు ఒప్పుకోవడం. పర్మిట్ కాగితం మీద సంతకం పెట్టడమే భయంగా ఉండే మనిషికి, ‘పూర్తిగా ఒప్పుకుంటాను’ అన్నచోట గుండ్రం చుట్టమంటే చెయ్యి వణుకుతుంది. నిఘంటువు ఈ ప్రమాదం చెప్పదు. తిరుగు అనువాదం కూడా చెప్పదు, ‘ఒప్పుకుంటాను’ శుభ్రంగా ‘అగ్రీ’గా తిరిగొస్తుంది. ఆ మనిషిని అడిగితేనే తెలుస్తుంది. ‘అస్సలు కాదు, కాదు, చెప్పలేను, అవును, నూటికి నూరుపాళ్ళు అవును’ అని మార్చాక పెన్ను మళ్ళీ చేతికొచ్చింది.

ఇంకో చిక్కు మన వ్యాకరణంలో ఉంది. ‘అన్నం తినలేదా?’ అంటే తిననివాడు ‘ఆఁ, తినలేదు’ అంటాడు. అదే మాట ఇంగ్లీషులో అడిగితే ‘నో’ అనాలి. కాబట్టి తిట్టే వాక్యాల్ని ‘ఈజీగా లేదు’ అని రాస్తే, ‘కాదు’ అన్నవాడు ఈజీగా ఉందన్నాడో లేదన్నాడో వాడికీ తెలియదు, మనకీ తెలియదు. లేదు, కాదు, రాదు అన్న మాటలు వాక్యంలో లేకుండా, అర్థంలో మాత్రమే తిట్టు ఉండాలి. ‘దీంట్లో అక్కర్లేని చిక్కులున్నాయి.’ ‘ఒక్కోచోట ఒక్కో రకంగా ఉంది.’ ‘దీన్ని వాడాలంటే పక్కన తెలిసినవాళ్ళు ఉండాలి.’ ఇలా రాస్తే అవునో కాదో చెప్పడం తేలిక.

మర్యాద విలువ యాభై

మాటలన్నీ కుదిరాక కూడా ఒక సమస్య మిగులుతుంది. అడుగుతున్నది ఎవరు? కంపెనీ కాగితం, సూపర్‌వైజర్ చేత్తో ఇచ్చాడు, కింద పేరు రాయమన్నాడు. అప్పుచేసి ఏజెంటుకి డబ్బుకట్టి వచ్చిన కుర్రాడు ఏం చేస్తాడు? అన్నిటికీ ఐదు వేస్తాడు. అది అబద్ధం కాదు, మర్యాద. కొంత భయం.

అన్నిటికీ ఐదు వేస్తే సస్ స్కోరు ఎంతో లెక్క కట్టండి. మెచ్చుకునే ఐదు వాక్యాలకీ నాలుగేసి, మొత్తం ఇరవై. తిట్టే ఐదింటికీ సున్నా. ఇరవైని రెండున్నరతో గుణిస్తే యాభై. యాప్ అద్భుతమైనా యాభై, దరిద్రమైనా యాభై. ఇప్పుడు, ఈ తిట్టే వాక్యాలు గందరగోళంగా ఉన్నాయి కనక అన్నీ మెచ్చుకోళ్ళే పెడదామని కొందరంటారు. 2011లో సౌరో, లూయిస్ ఇంగ్లీషులో అలా పోల్చి చూసి, స్కోర్లలో పెద్ద తేడా లేదన్నారు. నోరు విప్పి మాట్లాడటానికి జంకనివాళ్ళ దగ్గర అది సబబే. మా కుర్రాడి దగ్గర మాత్రం అదే భయం, అదే మర్యాద ఈసారి యాభై బదులు నూరుగా తేలుతుంది! కనక తెలుగులో తిట్టే వాక్యాలు ఉంచాలనీ, ఫారం మీద పేరు అడగకూడదనీ, దాన్ని పైవాడు కాక బయటివాడు పంచాలనీ నా అభిప్రాయం. చదవడం కష్టమైనవాళ్ళకి వాక్యాన్ని గొంతుతో వినిపించాలి.

ఎందుకింత పట్టుదల?

పర్మిట్ యాప్‌లో ‘క్లోజ్’ అని ఒక బొత్తాం ఉంటుందనుకుందాం. ఫోను వాడే ఎవరికైనా క్లోజ్ అంటే తెర మూసెయ్యడం. పర్మిట్ భాషలో క్లోజ్ అంటే పని ముగిసింది, మనుషులు బయటికొచ్చారు, ఆ పైపులోకి మళ్ళీ ఒత్తిడి వదలవచ్చు అని. ఈ రెండు అర్థాల మధ్య దూరం ఒక ప్రాణం. సింగపూరు 2009 నిబంధనల ప్రకారం మూసి ఉన్న ట్యాంకులోకి మనిషి దిగాలంటే లోపల ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం మధ్యన ఉండాలి. ఆ అంకె తెర మీద ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తే, వెతకడానికి సిగ్గుపడి పక్కవాణ్ణి అడక్కపోతే, అది వాడి తెలివితక్కువతనం కాదు, తెర తయారుచేసినవాళ్ళ బాధ్యత. ఆ బాధ్యత మాకు గుర్తుచేసేవి ఈ పది ప్రశ్నలే.

ఒక ఊహ చేద్దాం. ఒక ప్లాంటులో వందమంది యాప్ వాడారు. తొంభైమంది స్కోరు డెబ్బై ఐదు. మిగిలిన పదిమందికి భాష అందక ఇరవై ఐదు. సగటు ఎంత? సరిగ్గా డెబ్బై. ప్రపంచ సగటు 68 కన్నా ఎక్కువ. ‘ఫరవాలేదు’ అని ఫైలు మూసేస్తారు. ఆ పదిమంది మనవాళ్ళు కావచ్చు. ఇది కూడా, ఆ పదిమంది తమకి కష్టంగా ఉందని చెప్పగలిగారన్న లెక్కన. ప్రశ్నే అర్థంకాక మధ్యలో ఉన్న మూడు చుట్టేస్తే వాళ్ళ స్కోరు యాభై అవుతుంది, వాళ్ళ ఇబ్బంది సగం మాయమవుతుంది. కనక స్కోరుని భాషవారీగా విడదీసి చూడాలి, విడదీసి చూడాలంటే ఆ భాషలో నమ్మదగిన ప్రశ్నపత్రం ఉండాలి.

2020లో కోవిడ్ రోజుల్లో సింగపూరు డార్మిటరీల్లో ఉన్నవాళ్ళు పనికి బయల్దేరాలంటే ఫోనులో ఆకుపచ్చ రంగు కనబడాలి, ఎరుపు కనబడితే ఆగిపోవాలి. కూలిపనికీ యాప్‌కీ సంబంధమేమిటి అనుకునే రోజులు అప్పుడే పోయాయి. గల్ఫులోనూ అంతే, జీతం, వీసా, ఆసుపత్రి అన్నీ తెర వెనకే ఉన్నాయి.

ఇలాంటి పని చెయ్యడానికి పెద్ద విశ్వవిద్యాలయమే అక్కర్లేదు. రెండు భాషలూ బాగా వచ్చినవాళ్ళు ఇద్దరు, మూలం చూడకుండా తిరిగి ఇంగ్లీషు చేసే మూడోమనిషి, లెక్కలు కట్టే ఇంజనీరు ఒకరు, ఓపిగ్గా వినే మనిషి ఒకరు ఉంటే మొదలుపెట్టవచ్చు. మన సాహితీ సంఘాల్లో వీళ్ళందరూ ఉన్నారు. పద్యం చదివి ఒక మాటకి మూడు అర్థాలు చెప్పగలిగిన పెద్దలున్నారు. ‘ఒప్పుకోవడం’లోని నేరం వాసన పట్టడానికి అంతకన్నా మంచి ముక్కులు ఎక్కడ దొరుకుతాయి? ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు తిరుగు అనువాదానికి సరిగ్గా సరిపోతారు, వాళ్ళకి తెలుగు వింటే అర్థమవుతుంది, మాట ఇంగ్లీషులో వస్తుంది. దాన్నే మనం ఇన్నాళ్ళూ లోపం అనుకున్నాం.

నా దగ్గరున్న పది వాక్యాల ముసాయిదా ఎవరికైనా ఇస్తాను. ముందుగా దాన్ని మీ ఊరివాడు ఒకడికి చదివి వినిపించండి. చదివాక ‘అర్థమైందా?’ అని మాత్రం అడక్కండి. మర్యాదకి అయిందనే అంటాడు. ‘ఏమర్థమైందో చెప్పు తమ్ముడూ’ అని అడిగి, అతను చెప్పింది చెప్పినట్టు రాసుకోండి.